గోంగూర సీసా వెనక

మసూదా ఖర్జూరాలు చీల్చి గింజలు తీస్తోంది. రంజాన్ నెల, రోజా ఉపవాసం విడవడానికి ఇంకా కొంచెం సేపుంది. మెల్‌బోర్న్‌లో డిసెంబరంటే నడివేసవి. రాత్రి అన్నం వేళయినా కిటికీలో ఎండ కదలదు. శనగలు తాలింపు వేసింది, నిమ్మ షర్బతు కలిపింది. చేతులు పని చేస్తున్నా చూపు మాత్రం హాల్లో కూర్చున్న తమ్ముడి మీదే ఉంది.

అర్సలాన్ నరసరావుపేట నుంచి వచ్చి ఏడాదవుతోంది, అక్క ఇంట్లోనే ఉంటున్నాడు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తారీఖు తప్పుతాయని లోకమంతా బెంగపడుతున్న రోజులవి. ఒక బ్యాంకులో ఆ తప్పు సరిదిద్దే పని అతనిది. ఆ పని పేరు వినగానే సంబంధాలు వెతుక్కుంటూ వచ్చాయి. ఇవాళ ఇఫ్తారుకి వచ్చిన ఫుర్కాన్ కూడా తన అన్న కూతుర్ని అతనికి ఇచ్చే ఉద్దేశంతోనే భార్య ఆరిఫాని వెంటబెట్టుకుని వచ్చాడు.

ఫుర్కాన్‌కి తెలియని సంగతి ఒకటుంది. వంటింట్లో ఫ్రిజ్ తెరిస్తే గోంగూర పచ్చడి సీసా కనిపిస్తుంది. దాని వెనక అర్సలాన్ ఇన్సులిన్ ఉంది. నాలుగు నెలల కిందట అతనికి షుగరు జబ్బని తేలింది, రోజూ సూది వేసుకోకపోతే బతకలేని రకం. “ఆపా, బావకి కూడా చెప్పొద్దు” అని బతిమాలి, ఆమె ఎనిమిదేళ్ల కూతురు ఇక్రా తల మీద మసూదా చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాడు.

ఆ బావ తాజ్ జీవితమంతా ఆ జబ్బు మీద పరిశోధనే. తల్లికి షుగరుతో చూపు పోవడం చిన్నతనంలో కళ్లారా చూశాడు. గుంటూరులో డాక్టరు చదివాడు కానీ బోర్డు కట్టి ప్రాక్టీసు పెట్టలేదు. ఇక్కడి ప్రయోగశాలలో చేరి, ఒంట్లో ఇన్సులిన్ ఎందుకు ఆగిపోతుందో పన్నెండేళ్లుగా వెతుకుతున్నాడు. ఇంటికొస్తే కూతురికి జడ వేస్తాడు, అంట్లు తోముతాడు. రోజూ ఆ గోంగూర సీసాని పక్కకి జరిపి పాలు తీసుకునేది కూడా ఆయనే. దాని వెనక ఏముందో ఒక్కనాడూ చూడలేదు.

ఈ మధ్య మనవాళ్ల కుటుంబాల్లో ఈ జబ్బు ఎలా దిగుతోందో తెలుసుకోవాలని, కాస్త రక్తం ఇవ్వండంటూ మసీదు దగ్గర ఒక్కొక్కరినీ అడుగుతున్నాడు. మా ఇంట్లో ఎవరికీ లేదంటూ అందరూ తప్పుకుంటున్నారు.

“ఏం తాజ్ భాయ్, మీ ప్రయోగశాల ఎలకలకి షుగరు తగ్గిందా?” అని హాల్లో ఫుర్కాన్ నవ్వాడు.

“తగ్గింది భాయ్. అవి దాచుకోవు కదా,” అన్నాడు తాజ్.

అందరూ నవ్వారు. అర్సలాన్ ఒక్కడే ఆలస్యంగా నవ్వాడు. మసూదా చేతిలో ఖర్జూరం ఆగిపోయింది.

జబ్బు మనిషికి రోజా నుంచి సడలింపు ఉంది. అర్సలాన్‌కీ ఆ సంగతి తెలుసు. కానీ ఉండకపోతే ఎందుకుండలేదని నలుగురూ అడుగుతారు. ఆ ఒక్క ప్రశ్న తప్పించుకోవడానికి తెల్లవారుజామున సూది వేసుకుని, పొద్దంతా నోట్లో ఏమీ వేసుకోకుండా ఆఫీసులో కూర్చుంటున్నాడు. చదివేవారికి ఇది తెలివితక్కువతనంగా తోచవచ్చు. మన మన ఇళ్లలో ఎన్ని మందుసీసాలు ఏయే డబ్బాల వెనక ఉన్నాయో ఒక్కసారి తలుచుకుంటే అలా అనలేం.

“మమ్, వై ఈజ్ మామూ షేకింగ్?” అంది ఇక్రా.

మసూదా షర్బతు గ్లాసుతో హాల్లోకి వచ్చింది. తమ్ముడి చొక్కా చెమటతో ఒంటికి అంటుకుపోయింది. వేళ్లు వణుకుతున్నాయి. గ్లాసు పెదవులకి ఆనిస్తే మొహం తిప్పుకున్నాడు.

“ఇంకా... అజాన్ కాలేదు,” అన్నాడు. మాట ముద్దగా వచ్చింది.

“రోజా అన్నాక ఆమాత్రం నీరసం ఉంటుందమ్మా. కుర్రాడు, ఓర్చుకుంటాడులే,” అన్నాడు ఫుర్కాన్ మెచ్చుకోలుగా.

అర్సలాన్ అక్కని చూశాడు. చెప్పొద్దన్నట్టు చూశాడు. ఆ తర్వాత ఆ కళ్లు ఆమె మీద నిలవలేదు, ఎటో జారిపోయాయి. ఒట్టు పెట్టిన పిల్ల ఎదురుగానే నిలబడి ఉంది. మసూదా భర్త వైపు తిరిగింది.

“ఏమండీ, వీడికి షుగరుంది. పొద్దున సూది వేసుకున్నాడు. నేనే దాచాను.”

తాజ్ ఒక్క అంగలో వచ్చి బామ్మర్ది తల తన భుజానికి ఆనించుకున్నాడు. “తినకుండా సూది పడి ఒంట్లో చక్కెర పడిపోయింది. తాగరా. ఇప్పుడు నీకిదే మందు,” అంటూ కొద్దికొద్దిగా తాగించాడు. సగం చొక్కా మీద ఒలికింది. రెండో గ్లాసు కూడా పట్టాడు. ఈలోగా గోడ గడియారంలో రోజా విడిచే వేళ తెలిపే అజాన్ మోగింది. ఎవరూ ఖర్జూరం ముట్టుకోలేదు. అందరూ అర్సలాన్ మొహంలోకే చూస్తున్నారు.

చివరికి వణుకు తగ్గింది. మనిషి కుదురుకుని లేచి కూర్చున్నాడు.

“ఎప్పట్నించీ?” అని అడిగాడు ఫుర్కాన్.

“నాలుగు నెలలు,” అన్నాడు అర్సలాన్ తల దించుకుని. అక్క వైపు తిరిగి, “సంతోషమేనా ఆపా?” అన్నాడు.

మసూదా ఖాళీ గ్లాసులు అందుకుంది. ఫుర్కాన్, అన్నయ్యతో మాట్లాడి కబురు చేస్తామన్నాడు. ఆ కబురు రాదని అందరికీ అర్థమైంది.

తాజ్ ఇంకా బామ్మర్ది మణికట్టు వదలలేదు. కోప్పడతాడనుకుంది మసూదా. ఆయన గొంతు పెంచలేదు.

“ఈ జబ్బుతో పోరాడుతున్నానని ఊరంతా చెప్పుకుని తిరుగుతున్నాను. మందు నా ఇంట్లోనే ఉంది, డాక్టరు నీ పక్కనే ఉన్నాడు. అయినా నా కళ్ల ముందే చచ్చిపోబోయావు. నాతో చెప్పడానికి నీకు ధైర్యం చాలలేదంటే, ఎలకల కబుర్లు చెప్పడమే తప్ప ఇంట్లో మనిషిని ఎలా ఉన్నావని నేను అడగకపోవడమే కారణం.” ఫుర్కాన్ వైపు తిరిగాడు. “జబ్బు రావడం ఎవరి తప్పూ కాదు భాయ్. చెబితే పరువు పోతుందని మన పిల్లల్ని భయపెట్టి పెంచడం మాత్రం మన తప్పే. జబ్బు కంటే ముందు ఆ భయమే ప్రాణం తీస్తుంది.”

ఫుర్కాన్ దంపతులు నాలుగు మెతుకులు కతికి లేచారు. గుమ్మం దగ్గర ఆరిఫా వెనక్కి తిరిగి, రక్తం ఇవ్వడానికి ఏ రోజు రావాలని తాజ్‌ని మెల్లగా అడిగింది.

మర్నాడు ఆ ఏడాదికి ఆఖరి రోజు. అర్సలాన్ రాత్రంతా ఆఫీసులో ఉండాలి. మసూదా చపాతీలు చుట్టి బల్ల మీద పెట్టింది, తిను అని చెప్పే ధైర్యం మాత్రం చేయలేకపోయింది. తాజ్ కూతురికి జడ వేస్తున్నాడు. అర్సలాన్ ఫ్రిజ్ తెరిచి గోంగూర సీసా జరిపాడు. ఇన్సులిన్ బయటికి తీసి, అందరూ చూస్తుండగా చపాతీల పొట్లంతో పాటు సంచిలో పెట్టుకున్నాడు. సంచి భుజాన వేసుకుని, అక్క వైపు చూడకుండా గుమ్మం దాటి వెళ్లిపోయాడు.