పచ్చ బాణం

పిన్నిది వినికిడి యంత్రాల దుకాణం. యంత్రాల్లో మనిషి వినికిడికి తగ్గ కొలతలు ఎక్కించే ప్రోగ్రామును పదకొండేళ్లుగా ఒకే పద్ధతిలో నడిపేది. దాన్ని రాయడానికి వాడిన సాఫ్ట్‌వేర్ సాధనాన్నే తెరిచి, పైనున్న పచ్చ బాణం నొక్కేది. విడిగా ఇన్‌స్టాల్ చేసుకునే ఫైలు ఎవరూ తీసి ఉంచలేదు. నిన్న పాత కంప్యూటరు కాలిపోయాకగానీ ఆ సంగతి తెలిసిరాలేదు. పెన్‌డ్రైవులో కోడు ఒక్కటే మిగిలింది.

పదకొండున్నరకు ఒక బస్సు డ్రైవరు, ఆయన భార్య వచ్చి కూర్చున్నారు. పాత యంత్రం నీళ్లలో పడిందని కొత్తది తెచ్చుకున్నారు. మూడింటికి డిపో డాక్టరు దగ్గర వినికిడి పరీక్ష. అందులో తప్పితే ఆయనకిక స్టీరింగు లేదు.

"షెడ్డులో టైర్లు తుడుచుకోవడమే," అన్నాడాయన, వీధిలోకి వినపడేలా.

"మెల్లగా మాట్లాడండి, నలుగురూ వింటున్నారు," అని ఆమె అంతకంటే గట్టిగా అంది.

కొత్త కంప్యూటరులో నేను అన్నీ సరికొత్త వెర్షన్లే ఎక్కించాను. బాణం నొక్కితే ఇరవై మూడు తప్పులు. చెవి యంత్రంతో మాట్లాడే రెడీమేడ్ కోడు, అంటే లైబ్రరీ, పాతది; కొత్త సాధనం దాన్ని ఒప్పుకోవడం లేదు. లైబ్రరీకి కూడా కొత్త వెర్షన్ తెచ్చి పెట్టాను. తప్పులన్నీ పోయాయి. ప్రోగ్రాము తెరుచుకుంది.

"హమ్మయ్య. ఎక్కించెయ్," అంది పిన్ని.

నాకు ధైర్యం చాల్లేదు. యంత్రాన్ని ముందు నా చెవికే పెట్టుకుని, చాలా చిన్న శబ్దం పంపించాను. పళ్లు జివ్వుమన్నాయి. పాత లైబ్రరీలో శబ్దానికి వంద మెట్లు, కొత్తదానిలో పదే. మేం ఐదని పంపితే అది సగం శబ్దం పెట్టేస్తోంది.

"పదితో భాగించేస్తే పోలా?"

"అది ఎన్నిచోట్ల ఉందో తెలీదు పిన్నీ. ఒక్కటి వదిలేసినా ఆయన చెవిలోనే తేలుతుంది."

ఒంటిగంట కావస్తోంది. పాత లైబ్రరీని ఒప్పుకునే పాత సాధనాన్ని నెట్ నుంచి తెచ్చి ఎక్కించబోతే, తనకంటే కొత్త భాగాలు ముందే ఉన్నాయని మొండికేసింది. పొద్దుటినుంచి పెట్టినవన్నీ ఒక్కొక్కటే తీసెయ్యడం మొదలుపెట్టాను.

"రెండు గంటలే ఉంటే ఉన్నది కూడా పీకేస్తున్నావేంటే," అంది పిన్ని. ఆమె చేతిలో టీ చల్లారిపోయింది.

డ్రైవరు గుమ్మంలోకి వచ్చాడు. "అమ్మాయ్, ఎక్కువో తక్కువో పెట్టి ఇచ్చెయ్. ఒక్కపూట ఓర్చుకుంటాను."

నేను కాగితం మీద 'వద్దండీ, ఉన్న చెవి పోతుంది' అని రాసి చూపించాను. చదివి, వెళ్లి భార్య పక్కన కూర్చున్నాడు.

కంప్యూటరు ఆపి మళ్లీ ఆన్ చేశాను. ముందు పాత సాధనం, తర్వాత పాత లైబ్రరీ, చివరికి పెన్‌డ్రైవులోని కోడు. రెండుకు ఐదు నిమిషాలుండగా బాణం నొక్కాను. ఒక్క తప్పూ లేదు. మళ్లీ నా చెవిలోనే మొదటి మెట్టు నుంచి చూశాను. ఫ్యాను చప్పుడు కాస్త దగ్గరికి జరిగింది, అంతే.

ఆయన కొలతలు ఎక్కించాం. పిన్ని ఆయన వీపు వెనక నిలబడి గుసగుసగా అంకెలు చెప్పింది.

"ఏడు. పదహారు," అన్నాడాయన. మూడోది అందలేదు. పిన్ని ఒక మెట్టు పెంచమంది. ఈసారి అందింది.

రెండుంబావుకు ఇద్దరూ ఆటో ఎక్కారు. ఆ తర్వాత మేమిద్దరం ఫోను వైపు చూస్తూ కూర్చున్నాం.

అయిదు దాటాక మోగింది.

"రేపు పొద్దున ఆరింటి బండి ఇచ్చారమ్మాయ్," అన్నాడు డ్రైవరు. వెనక ఎవరో బస్సు ఇంజిను రేజ్ చేస్తున్నారు. "ఈ బండి ఇంత మోత పెడుతుందని మర్చేపోయాను."