బరువు దింపుకునే రాయి

"ఇంక చాల్లేప్పా, లెయ్యి," అన్నాడు ఫకృద్దీన్ తుమ్మమొద్దుతో.

మోకాళ్ల మీద కూర్చుని, మొద్దు మొదట్లో మట్టి చేత్తో గీకి, గొలుసు చుట్టి కొక్కెం తగిలించాడు. గొలుసు రెండో కొస ట్రాక్టరు వెనకాల ఇనుప కడ్డీకి వేసి ఉంది. ట్రాక్టరు చిన్నది, బూడిద రంగుది. పక్కన కోడె నిలబడితే రెండూ ఒక ఎత్తే. దాని వెనక రెండు ఇనుప చేతులున్నాయి. సీటు పక్కనున్న పిడి లాగితే ఆ చేతులు దువా చేస్తున్నట్టు మెల్లగా పైకి లేస్తాయి. పనిని బట్టి ఆ చేతులకు ఒక్కొక్కటి తగిలిస్తాడు. వేళ్లు తెంచడానికి ఏనుగు దంతంలాంటి ఒంటి కోర, రాళ్లు ఈడ్చడానికి మందపాటి ఇనుప రేకు, మొద్దులకూ, నిలువుగా పాతిన రాతి కూసాలకూ ఈ గొలుసు.

సీటెక్కి బండిని ముందుకు పోనిచ్చాడు. గొలుసు బిగిసింది. నేల లోపల వేళ్లు పటపటమన్నాయి. మొద్దు ఒక పక్కకు ఒరిగి, ఎర్రమట్టిని ఒళ్లో పెట్టుకుని బయటపడింది. ఫకృద్దీన్ ప్రతిసారీ చేసే పనే చేశాడు. బండి ఆపి, దిగి, గుంతలోకి తొంగి చూశాడు. మొద్దు కింద ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది. ఈసారి ఒక కప్ప, నిద్ర చెడిన మొహంతో అతన్నే చూస్తోంది.

"సలామాలేకుం," అన్నాడు దానితో. "ఇల్లు చూసుకో ఇంక."

పందొమ్మిదివందల అరవై రెండో సంవత్సరం, జ్యేష్ఠమాసం. ఒక వాన పడి ఆగింది. రెండోది వచ్చేలోగా ఈ బీడు బాగుచేసి చెనిక్కాయ వేయాలని భూమి యజమాని బయ్యన్న తొందర. హిందూపురం శ్రీరంగప్ప దగ్గర ట్రాక్టరు బాడుగకు మాట్లాడాడు. ట్రాక్టరుతో పాటు ఫకృద్దీన్ వచ్చాడు. ఇక్కడి పని ఈరోజుతో ఆఖరు. రేపు బండి చిలమత్తూరు అవతలికి పోవాలి.

అత్తగారి ఊరు చిలమత్తూరు పేరు గుర్తొస్తేనే ఫకృద్దీన్ మీసం కింద నవ్వు కదిలింది. ఈరోజు శుక్రవారం. పెళ్లయ్యాక వచ్చిన అయిదో శుక్రవారం. పెళ్లయిన అయిదు శుక్రవారాలూ అత్తగారింట అల్లుడికి విందు పెడతారు, దాన్ని జుమాగీ అంటారు. మొదటి జుమాగీ నాడు వాకిట్లో ఎవరో "దుల్హా వచ్చినాడు" అంటే, ఆ దుల్హా ఎవరా అని ఫకృద్దీన్ వెనక్కి తిరిగి చూశాడు. నలభై దాటిన మనిషికి ఆ పేరు తనదని తట్టడానికి ఇంకో శుక్రవారం పట్టింది. ఈరోజుది ఆఖరి విందు. పెళ్లాం రమీజా నిన్ననే పుట్టింటికి పోయింది. పోయే ముందు కొత్త చొక్కా మడతపెట్టి, అత్తరు రాసి, ఆకుపచ్చ గుడ్డలో మూటకట్టి సీటు వెనక తగిలించింది. "మధ్యాహ్నం బస్సుకి రావల్ల. నూనె చొక్కాతో వస్తే మా అమ్మ వాకిట్లోనే నిలబెడతాది," అని చెప్పింది.

ఎంతసేపు నిలబెట్టినా నిలబడతాననుకున్నాడు ఫకృద్దీన్. నిలబెట్టడానికి ఒక వాకిలి ఉండడమే అతనికి కొత్త.

అంతదాకా అతని బతుకంతా పీకడమే. తల్లి హుస్సేన్‌బీ కట్టెలమ్మేది. చెట్లు ఇంకెవరో కొట్టుకుపోతే, మిగిలిన మొదళ్లు తవ్వుకునే వంతు ఈ తల్లీ కొడుకులది. తర్వాత గడ్డపారతో రోడ్డు పనుల్లో బండలు లేపాడు. ఆనకట్ట పనుల్లో గుండ్లు దొర్లించాడు. అక్కడే లారీ నడపడం నేర్చాడు, లారీ నుంచి ట్రాక్టరుకు వచ్చాడు. వారానికో చేన్లో పడుకునేవాడికి పిల్లనెవరిస్తారు? రమీజా అయినా రాయి వల్లే దొరికింది. చిలమత్తూరులో వాళ్ల పెరట్లో ఉన్న గుండు తీయమని పిలిస్తే, తీసి దూరంగా పారేసి వచ్చాడు. ఆమె మిరపకాయల చేట పట్టుకుని బయటికొచ్చి, ఖాళీ జాగా చూసి, "దాని మీదే గదా నేను మిరపకాయలు ఆరబోసేది. ఇప్పుడు యాడ ఆరబోసుకోవల్ల?" అని అడిగింది. ఫకృద్దీన్ దగ్గర జవాబు లేదు. తీయడమే తప్ప పెట్టడం అతనికి ఎవరూ నేర్పలేదు. ఆ జవాబు కోసమే మళ్లీ మళ్లీ ఆ వీధిన పోయాడు. పోయి పోయి పెళ్లిదాకా వచ్చింది.

ఇదంతా తలుచుకుంటూ ఇనుప రేకు మీదికి రాళ్లు దొర్లిస్తూ, చేను పక్కనున్న బండిదారి దగ్గర వాటిని కుప్పలు పోశాడు. రెండు కూసాల పని ఒక్కటే మిగిలింది. పొద్దున బయ్యన్న విత్తనాల కోసం ఊళ్లోకి పోతూ, "ఆ రెండు కూసాలు గూడా పీకేయప్పా," అని గడ్డం ఎత్తి చూపించి పోయాడు. ఫకృద్దీన్ అటు చూశాడు. చేను నడుమ రెండు రాతి కూసాలు భుజమెత్తున నిలబడి ఉన్నాయి. వాటి మీద అడ్డంగా ఒక బండ. ఒక కూసానికి గొలుసు వేశాడు, బండి కదిలించాడు. కూసం ఒరిగింది, బండ జారి మెత్తటి మట్టిలో వాలింది. రెండో కూసం ఇంకా సులువుగా వచ్చింది. బండి నీడలో తువ్వాలు పరుచుకుని నమాజు చేసుకున్నాడు. ఇంక బస్సే తరువాయి.

లేచేసరికి బయ్యన్న తల్లి సుబ్బరత్నమ్మ మధ్యాహ్నం సంగటి గంప నెత్తిన పెట్టుకుని వస్తోంది. సన్నగా, నిటారుగా ఉండే మనిషి. గంప మీద చెయ్యి వేయకుండానే నడుస్తుంది. చేను నడుమకు వచ్చి, ఎప్పటిలా మోకాళ్లు కొంచెం వంచి, గంప దించబోయి ఆగింది. ముందర రాయి లేదు. గుంతలున్నాయి.

వెనకే బయ్యన్నా, జీతగాడు ఆంజినప్పా విత్తనాల మూటలతో వచ్చారు. బయ్యన్న గుంతలు చూశాడు, దూరంగా ఎండిపోయిన బావి మీద నిక్షేపంగా నిలబడి ఉన్న ఇంకో రెండు కూసాలు చూశాడు. ఒకప్పుడు ఎద్దులతో కపిల తోలి నీళ్లు తోడిన కూసాలవి.

"నేను చూపించింది బావి దిక్కు గదప్పా," అన్నాడు.

"గడ్డంతో చూపిస్తివి గదన్నా," అన్నాడు ఫకృద్దీన్.

"కొత్త పెండ్లికొడుకు," అన్నాడు ఆంజినప్ప బయ్యన్నతో. "నీ గడ్డం యా దిక్కు చూపిస్తేనేమి, ఆ కండ్లు చిలమత్తూరు దిక్కు ఉండాయి."

సుబ్బరత్నమ్మ గంపతో అలాగే నిలబడి ఉంది.

"సంగటి దించమ్మా, ఆకలైతాంది," అన్నాడు బయ్యన్న.

"యాడ దించల్ల?"

"కిందనే దించు."

"దించే రాయి పీకేసి కింద దించమంటావా? దించను పోరా."

"నేను పట్టుకుంటా, ఇట్లా ఇయ్యి."

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. బయ్యన్న చెయ్యి గాలిలో మిగిలింది. అతను ఫకృద్దీన్‌ను పక్కకు తీసుకుపోయి గొంతు తగ్గించాడు. "పోనీలేప్పా. అదడ్డముంటే సాలు వంకర పోతాండె. మా అమ్మకు భయపడి ఇన్నేండ్లూ దాని చుట్టూ తిప్పుకుంటా దున్నినా. ఎట్లాగో పోయింది. కాసేపుంటే కాళ్లు నొప్పి పుట్టి ఆయమ్మే దించుతాది. నువ్వు బస్సుకు పో, పలావు చల్లారిపోతాది."

ఆ మాట తీయగానే ఉంది. ఫకృద్దీన్ మూట అందుకోబోయాడు కూడా. సుబ్బరత్నమ్మ మెడ నరాలు కనబడ్డాయి. గంప కిందున్న తల కదలడం లేదు, నోరు మాత్రం అతన్నే పిలిచింది.

"నాయనా సాయిబూ, నీకు తెల్దు గాబట్టి చెప్తాండా. అది మా అక్క నాగలక్ష్మమ్మ రాయి. నిండు చూలాలు పోయింది. కడుపులో బరువు దింపుకోకుండా పోయిన ఆడదాని పేరు మీద, దారినపోయేవాళ్లు బరువు దింపుకునే రాయి పెడతారు. ఆయమ్మ పోయినాక ఆయమ్మ మొగునికే నన్నిచ్చి చేసినారు. ఈ ఇంటికొచ్చిన కాడినుంచీ సంగటి తెచ్చి ఆ రాయి మీదనే దింపుతాండా. మా అక్క పట్టుకుంటాది నా గంప. ఈ నా కొడుకు పట్టుకుంటానంటాడు, కింద పారేస్తాడు."

ఫకృద్దీన్ మూట మళ్లీ సీటు వెనక తగిలించాడు. ఇప్పుడు యాడ ఆరబోసుకోవల్ల అన్న రమీజా గొంతు చెవిలో వినబడింది. ఈసారి ఊరికే పోవడానికి కాళ్లు రాలేదు.

"పెడతానవ్వా," అన్నాడు. "పెట్టే పని రాదు. అయినా పెడతా."

"యాడ పెడతావు, చేను నడుమనేనా?" అన్నాడు బయ్యన్న నీరసంగా.

అప్పుడే బండిదారిన పచ్చిగడ్డి మోపులతో ముగ్గురు ఆడవాళ్లు వచ్చారు. ముందు నడుస్తున్న కదిరమ్మ ఆగి, "ఏమవ్వా, గంప నెత్తిన పెట్టుకోని నిలబడుండావు, యా దేవునికి మొక్కుకున్నావు?" అంది.

"నువ్వేల నిలబడినావే మోపుతో? దింపుకోని మాట్లాడు."

"దింపితే మళ్లీ ఎవరెత్తుతారు? మీ చేన్లో రాయి ఉందిగానీ చేన్లో పడి ఎవరొస్తారు. మా దారి ఆ రాయి కాడినుంచి ఈ పక్కకు మారి ఎన్నేండ్లాయె."

సుబ్బరత్నమ్మ ఆ మూడు మోపుల వంకా, వాటి కింద చెమట కారే మొహాల వంకా చూసింది. చేను నడుమ గుంతల వంక చూసింది. ఇన్నేళ్లూ తన అక్క ఒక్క గంప కోసం ఎదురుచూస్తూ అక్కడ నిలబడి ఉందన్నమాట.

"సాయిబూ," అంది, "దారి యాడుంటే ఆడ పెట్టు."

బయ్యన్న ఒక్క క్షణం నమ్మలేదు. తర్వాత తలగుడ్డ బిగించి, అందరికంటే ముందు గడ్డపార తీసుకున్నాడు. బండిదారి పక్కన, పొద్దున పోసిన రాళ్లకుప్పల దగ్గర, బయ్యన్న ఒక గుంత, ఆంజినప్ప ఒక గుంత తవ్వారు. ఆడవాళ్లు మోపులతోనే ఈ వింత చూస్తూ నిలబడ్డారు. ఫకృద్దీన్ కూసాన్ని గొలుసుతో ఈడ్చుకొచ్చి, నడిమికి కొంచెం పైన ఇనుప చేతులకు కట్టి, పిడి లాగాడు. చేతులు లేచాయి. రోజూ పైకి లాగే చేతులు ఈరోజు కూసాన్ని నిలువుగా పట్టుకుని నిదానంగా గుంతలోకి దించాయి. అతను ఊపిరి బిగపట్టి చూశాడు. కూసం గుంతలో కూర్చుని, కొంచెం కదిలి, నిలబడింది. ఫకృద్దీన్‌కు పకపకా నవ్వొచ్చింది. ఏరిపారేసిన రాళ్లే తెచ్చి చుట్టూ దిమ్మిస చేశారు.

రెండో కూసం నిలబెడుతుండగా దుమ్ము లేపుకుంటూ బస్సు పోయింది.

"పోయె నీ పలావు," అన్నాడు ఆంజినప్ప.

"వంటింట్లో దాని కాళ్లకేమైనా చక్రాలుండాయా, యాడికి పోతాది," అన్నాడు ఫకృద్దీన్.

బండను ఇనుప చేతులు నడుము ఎత్తుకు లేపాయి. ఆపైన మనుషులే లేపాలి. ఫకృద్దీన్ తన ఎర్రగళ్ల తువ్వాలు, నెత్తిన బరువు కింద పెట్టుకునే చుట్టకుదురులా మెలిపెట్టి భుజం మీద వేసుకుని, బండ ఒక కొస కిందికి దూరాడు. ఇంకో కొస కింద బయ్యన్న. నడుమ ఆంజినప్ప. పళ్లు బిగించి, మూలిగి, ఒకరినొకరు తిట్టుకుంటూ కూసాల మీదికి చేర్చారు. బండ తన జాగా గుర్తుపట్టినట్టు టక్కున కూర్చుంది.

సుబ్బరత్నమ్మ నడిచొచ్చింది. మోకాళ్లు కొంచెం వంచింది. గంప బండ మీదికి దిగింది. ఆమె మెడ పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, బండ మీద అరచెయ్యి వేసి కాసేపు నిలబడింది. తర్వాత కదిరమ్మ వైపు తిరిగి, "రాయే, ఇంకా మోస్తాండావు. జరిగితే నాలుగు మోపులు పడతాయి," అంది.

అందరూ అక్కడే కూర్చుని సంగటి తిన్నారు. ముద్దను ఊరుబిండి పచ్చడిలో అద్దుకుని ఫకృద్దీన్ కళ్లు మూసుకున్నాడు. ఎండలో చల్లారిన సంగటి కూడా ఇంత బాగుంటుందని ఎవరికైనా చెప్పాలనిపించింది. రమీజాకు చెప్పాలి.

"ఇప్పుడెట్లా పోతావు?" అన్నాడు బయ్యన్న.

"రేపెట్లాగూ బండి ఆ పక్కకే పోవల్ల. ఈరోజే తోలుకుపోతా."

"అత్తగారింటికి ట్రాక్టరు మీదనా?" ఆంజినప్ప చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "మేళం ఒకటే తక్కువ."

బావి కూసాలు పీకి, బావి దగ్గర రాతితొట్టిలో మిగిలిన వాననీళ్లతో మొహం కడుక్కుని, కొత్త చొక్కా తొడిగాడు. చొక్కా మడతలతోనే ఉంది, అత్తరు గుప్పుమంది. కదిరమ్మ ముక్కు మూసుకున్నట్టు నటించింది. సుబ్బరత్నమ్మ గంపలో అడుగున మిగిలిన చెనిక్కాయలు, బెల్లంముక్క మూటలో కట్టి "నీ పెండ్లాంకు" అని ఇచ్చింది.

సీటెక్కబోతూ ఫకృద్దీన్ ఆగాడు. రాళ్లకుప్ప దగ్గరికి పోయి, ఒక్కొక్క రాయీ తట్టి చూసి, చాపంత వెడల్పున్న ఒక పలకరాయి ఎంచుకున్నాడు. నునుపుగా, కొంచెం వాలుగా ఉంది.

"ఇదేల నీకు?" అన్నాడు బయ్యన్న.

"మిరపకాయలకు," అన్నాడు ఫకృద్దీన్.

రాయిని ఇనుప చేతులకు గొలుసుతో భద్రంగా కట్టుకుని, పిడి లాగాడు. ట్రాక్టరు రాయిని చంకబిడ్డలా ఎత్తుకుని బండిదారి పట్టింది. అది చిలమత్తూరు వైపు మలుపు తిరిగేదాకా ఆ చప్పుడు చేలమీద వినబడుతూనే ఉంది. తర్వాత వినబడలేదు. వాన మోసుకొచ్చిన మబ్బు ఒకటి కొండ మీద ఆగింది. ఆడవాళ్లు ఒకరికొకరు సాయం లేకుండానే తల వంచి, బండ మీది మోపులు నెత్తికి ఎత్తుకుని వెళ్లిపోయారు.

సుబ్బరత్నమ్మ ఖాళీ గంప తీసుకుంటూ చూసింది. బండ మీద ఒక కొసన ఫకృద్దీన్ మరిచిపోయిన తువ్వాలు ఉంది. పిలిస్తే వినబడనంత దూరం పోయి ఉంటాడు. వినబడినా ఆమె పిలిచేది కాదు. రేపు చుట్టకుదురు లేకుండా వచ్చేవాళ్లు ఎవరైనా ఉంటారు.

ఎర్రగళ్ల తువ్వాలు, కొంత ఇంజను నూనె, కొంత అత్తరు వాసనతో, మెలి విప్పకుండా, ఒక తల కోసం గుండ్రంగా బండ మీద అలాగే కూర్చుని ఉంది.