మంట కాగిన గిటారు

నేను ఒక గిటారును. నా పొట్ట మీద జానెడు బీట ఉంది. చూసినవాళ్లంతా అయ్యో అంటారు. ఆ అయ్యోలు మీ దగ్గరే ఉంచుకోండి, నాకక్కర్లేదు.

కలకత్తాలో ఓ ముసలి వడ్రంగి నన్ను చేశాడు. కాజీపేట రైల్వే కాలనీలో ఉండే ఆంగ్లో ఇండియన్ ఇంజన్ డ్రైవరు ఎర్నెస్ట్ నన్ను కొన్నాడు. ఆయన డప్పు కొట్టే సాయిలు కూతురు కనకమ్మను పెళ్లాడితే రెండు వైపుల చుట్టాలూ ముఖం తిప్పుకున్నారు. మనుషులకు శ్రుతి కలపడం చేతకాదు గాని, శ్రుతి తప్పిందని తీర్పు చెప్పడం మాత్రం బాగా వచ్చు.

వాళ్ల కూతురు రోజీ. తాత డప్పును గడ్డి మంట మీద కాచి కొట్టడం రోజూ చూసేది. కాగితే మోత పెరుగుతుందని తెలిసింది కదా, ఒకనాడు నన్నూ మంట మీద పట్టింది! జిగురు కరిగి నా పొట్ట ఫట్‌మంది. ఎర్నెస్ట్ తల పట్టుకున్నాడు. సాయిలు మాత్రం నన్ను వేళ్లతో తట్టి విన్నాడు.

"పాట పోయింది గని మోతొచ్చింది బిడ్డా" అన్నాడు.

రోజీ పెద్దదై ఎనిమిది గిటార్లకు ఒక సంగీతం కట్టింది. ఏడు గిటార్లకు, క్రిస్మస్‌కు తండ్రి వాయించే వాల్ట్జ్ నాట్యం వరసలు. ఎనిమిదోదాన్నైన నాకు తాత డప్పు దరువులు. సికింద్రాబాదులో హాలు కార్యదర్శి జగన్మోహనరావు గారు రిహార్సల్ విని మొహం చిట్లించారు.

"గిటారు మీటే వాయిద్యమమ్మా. పెద్దలొచ్చే సభలో ఈ డప్పు మోతేమిటి? ఆ ముక్క తీసేయండి. లేదంటే తెర దించేస్తాను."

"తీసేస్తే అది మా డాడీ పాటే అయితది సార్. మరి మా తాత యాడ కూసోవాలె?"

సభ రోజు తాత ముందు వరసలోనే కూర్చున్నాడు. రోజీ నన్ను ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని అరచేత్తో చరిచింది. నాలుగు దెబ్బలు పడ్డాయో లేదో, తెర జరజరా దిగిపోయింది. నా ప్రాణం ఉసూరుమంది. రోజీ చెయ్యి మాత్రం ఆగలేదు. అది చూసి మిగతా ఏడుగురూ మీటడం మాని, గిటార్లు తిప్పి వీపుల మీద దరువు అందుకున్నారు. సాయిలుకు ఎప్పుడో చూపు పోయింది. తెర పడినా ఒకటే, లేచినా ఒకటే. అవతల నుంచి ఆయన కేక వినబడింది.

"కొట్టు బిడ్డా! ఇంకా కాగాలె!"

తెర మళ్లీ లేవలేదు. మేము చివరి దరువు దాకా ఆపలేదు.

ఆ దెబ్బలకు నా బీట ఇంకాస్త సాగింది. అతికిస్తానని ఒకాయన జిగురు పట్టుకొస్తే రోజీ ముట్టనివ్వలేదు. వచ్చే నెలకు మళ్లీ అదే హాలు అడిగింది, అదే సంగీతానికి. ఎప్పుడో ఒకప్పుడు నన్ను పొయ్యిలో పెడతారని నాకు తెలుసు. పెట్టనివ్వండి. మంట నాకు కొత్తా? అప్పుడూ చప్పుడు చేస్తూనే కాలుతాను.