ముందే పడిన గీత

పొద్దున్నే వాకిట్లో ముగ్గేసి, ఫిల్టర్లో డికాషన్‌కి నీళ్లు పోసి, నాగవల్లి అత్తగారి గదిలోకి వెళ్లి గోడ చూస్తుంది. ఆ తరవాతే మిగతా పనులు.

వరద వచ్చి వెళ్లాక గోడల మీద బురదరంగు గీత ఒకటి మిగులుతుంది కదా. ఏలూరులో కాలవ పక్కన ఇల్లున్న ప్రతివాళ్లకీ అది తెలిసిన గీతే. నాగవల్లి మొగుడు హరిప్రసాద్ వాళ్లింట్లో మాత్రం వరద రాకముందే పడుతుంది. ఎక్కడ పడితే సరిగ్గా అక్కడిదాకా నీళ్లొస్తాయి. కిందటేడు మోకాలి దగ్గర పడింది, మోకాలిలోతు నీళ్లే వచ్చాయి. సున్నం కొట్టిస్తే తెల్లారేసరికి సున్నం మీదికి తేలింది. టైల్స్ అంటిస్తే టైల్స్ మీదికీ వచ్చింది. ఇక దాన్ని చెరపడం మానేశారు. వీధిలోవాళ్లు పాలపాకెట్టుకి బయటికొచ్చినప్పుడు వర్జ్యం అడిగినట్టు దాని సంగతి అడిగి వెళ్తుంటారు.

"ఎంతుందమ్మాయ్?" అన్నారు ఎదురింటి ప్రసాదరావుగారు గుమ్మంలో నిలబడి. ఆఫీసు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. చంకలో ఎప్పుడూ పేపరుంటుంది.

"మంచం పట్టె దాకా వచ్చిందండీ, బాబాయిగారూ."

ఆయన మొహంలో నవ్వు పోయింది. ఆ మంచం మీద ఎవరున్నారో వీధికంతటికీ తెలుసు. నాగవల్లి అత్తగారు శేషారత్నంగారికి ఉగాదికి ముందు తుంటి విరిగింది. రాడ్లు వేశారు గానీ అతకడం లేదు. అత్తిలి నుంచి ఆడపడుచు తన దగ్గరికి తీసుకొచ్చెయ్యమని ఫోన్ చేస్తే స్ట్రెచర్ మీదికి మార్చబోయారు. ఆవిడ పెదాలు నల్లబడి ఊపిరందలేదు. మేడ మీదికి మోసే ప్రయత్నమూ అలాగే అయింది. ఇక కదపొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు.

బయట చూస్తే వాయుగుండం. ఇదివరకు శ్రావణమంతా పంచుకుని కురిసే వాన ఇప్పుడు ఒక్క పూటలో కుమ్మరించి పోతోంది. సముద్రం వేడెక్కిందని టీవీలో చెబుతున్నారు, మనం వింటూనే ఉన్నాం.

హరిప్రసాద్ మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టాడు. పట్టె గీతకి పైనుంది కదా అనుకుని కాఫీ తాగి వచ్చేసరికి గీత మళ్లీ పట్టెనందుకుంది. ఇంకో వరస పెట్టాడు. మంచం ఊగింది. గీత మళ్లీ ఎక్కింది.

"అది ఇటుకల్ని చూసి ఎక్కట్లేదండీ," అంది నాగవల్లి. "మన కొట్టుని చూసి ఎక్కుతోంది. మీరిక్కడ ఇటుకలు పేరుస్తుంటే అక్కడ హోటలాయన కవర్ల కట్టలు పట్టుకెళ్లాడు. అప్పుడు ఎక్కింది. నిన్న టీ కప్పులు వెళ్లినప్పుడూ అంతే."

కొట్టు ఇంటి ముందుభాగమే. కవర్లు, థర్మాకోల్ ప్లేట్లు, గ్లాసులు హోల్‌సేలుగా అమ్ముతారు. బోర్డు మీద శేషారత్నం ట్రేడర్స్ అని ఉంటుంది. తల్లి పేరు నలుగురి నోళ్లలో పడాలని హరిప్రసాద్ కవర్ల మీద కూడా ఆ పేరే ఆకుపచ్చ అక్షరాలతో అచ్చేయించాడు. గుండుగొలను టిఫిన్ బళ్ల నుంచి గణపవరం చేపల చెరువుల దాకా ఆ పేరు గాలికి ఎగురుతూనే ఉంటుంది.

"మనం మానేస్తే పక్క కొట్లో కొంటారు. లోకమంతా వాడుతుంటే మనమొక్కళ్లం మానితే వరద ఆగుతుందా?" అన్నాడతను విసుగ్గా.

"లోకం సంగతి నాకు తెలీదండీ. ఈ గోడ సంగతి తెలుసు."

ఇంతలో తాడేపల్లిగూడెం నుంచి వ్యాను వచ్చి ఆగింది. క్యాటరింగ్ చేసే రాజకుమార్ పంపాడు. వారం తరవాత గూడెంలో పెద్ద పెళ్లి, ప్లేట్లూ గ్లాసులూ అన్నీ వీళ్లవే. హరిప్రసాద్ భార్య వైపు చూడకుండా వెళ్లి షట్టరు పూర్తిగా ఎత్తాడు.

అట్టపెట్టెలు ఒక్కొక్కటీ వ్యానెక్కుతున్నాయి. నడవలో నిలబడితే ఇటు వ్యానూ అటు గోడా రెండూ కనిపిస్తాయి. చూడకూడదనుకుంటూనే చూశాడు. పెట్టె ఎక్కినప్పుడల్లా గోడమీద తడి కూడా ఒక మెట్టెక్కుతోంది. పట్టె దాటింది. పరుపు దాటింది.

"ఒరే హరీ," అంది తల్లి, కళ్లు మూసుకునే. "మోచేతి దగ్గర చల్లగా తగుల్తోందిరా."

ఇంకో పెట్టె ఎక్కింది.

"భుజం దగ్గర."

ఇంకో పెట్టెకి ఆవిడ గడ్డం పైకెత్తింది, నీళ్లలో ఉన్న మనిషిలాగా.

"దించెయ్!" అని అరిచాడు హరిప్రసాద్.

"ఇప్పుడేగా ఎక్కించిందండీ?" అన్నాడు డ్రైవరు.

"అన్నీ దించెయ్యవయ్యా బాబూ, నీకు పుణ్యముంటుంది!"

పెట్టెలన్నీ దిగాయి. గీత ఆగింది గానీ దిగలేదు.

"ఇంకేం చెయ్యమంటావు?" అన్నాడు హరిప్రసాద్.

"ఇవాళ్టివి ఆపారు. ఇదివరకు వెళ్లినవో?" అంది నాగవల్లి.

హరిప్రసాద్ మామిడికాయలు కోసే దోటి తీసుకుని వీధి చివరికి పరుగెత్తాడు. కొల్లేటికి పోయే కాలవ అక్కడ రోడ్డు కింద తూములోంచి వెళ్తుంది. నీళ్లు కదలడం లేదు. నడుంలోతు దిగి, దోటి లోపలికి పెట్టి లాగాడు. ముద్ద ఊడొచ్చింది. బురద జాడిస్తే ఆకుపచ్చ అక్షరాలు బయటపడ్డాయి. శేషారత్నం. మళ్లీ లాగాడు. మళ్లీ శేషారత్నం. ఎన్నేళ్ల నుంచి పేరుకుందో, వాళ్లమ్మ పేరే తూముకి అడ్డంగా కూరుకుపోయి ఉంది.

పట్టపగలే చీకటి కమ్మింది. చినుకులు మొదలయ్యాయి.

"అది మునిసిపాలిటీ పని కదయ్యా," అన్నారు ప్రసాదరావుగారు గొడుగు కింద నుంచి. "నువ్విలా వ్యాపారం మానేసి…"

ఆయన మాట సగంలో ఆగింది. దోటికి వేలాడుతున్న కవరు చిరిగి అందులోంచి ఆయన బీపీ మాత్రల అట్టలు రాలాయి. రోజూ చెత్త కవర్లో ముడేసి గోడమీంచి కాలవలోకి విసిరేది ఆయనే మరి. గొడుగు ముడిచారు. పంచె ఎగ్గట్టి దిగారు. ఆయన్ని చూసి ఇంకో నలుగురు దిగారు.

నాగవల్లి గోడ దగ్గరా గుమ్మం దగ్గరా కాలు నిలవకుండా తిరుగుతోంది. గీత ఎక్కడికి దిగిందో అక్కణ్నుంచి ఆవిడ ఒక మాట అరిస్తే, అరుగుల మీదున్న ఆడవాళ్లు ఇంటింటికీ అందించి తూము దాకా చేరవేస్తున్నారు.

"భుజం!"

వాన పెద్దదైంది.

"మోచెయ్యి!"

"పట్టె! పట్టె దగ్గరే ఆగిందండీ, ఇంకా లాగండి!"

ఆఖరి ముద్ద ఎంతకీ రాలేదు. అందరూ కలిసి దోటి పట్టుకుని వెనక్కి పడేంతగా లాగితే ఊడింది. తూము ఒక్కసారి గర్జించింది. నీళ్లు అటువైపు దూకి కొల్లేటి దారి పట్టాయి. పైనుంచి వస్తున్న వరద మాత్రం వాళ్ల మొలల మీదుగా వీధిలోకి వచ్చేసింది.

హరిప్రసాద్ తడిసి ముద్దై ఇంటికొచ్చేసరికి గదిలో నీళ్లు కింది ఇటుక దాటాయి. మొగుడూ పెళ్లాలు చెరోవైపు మంచం పట్టుకుని నిలబడ్డారు. పై ఇటుక మునిగింది. మంచం కోళ్లు మునుగుతున్నాయి. గీత పట్టెకి బెత్తెడు కిందుంది. నీళ్లు నిమ్మళంగా పైకొచ్చి, గీతనందుకుని, అక్కడ ఆగాయి.

శేషారత్నంగారు చెయ్యి కిందికి జార్చి, వేళ్లతో నీళ్లు తాకి చూసింది.

"వల్లీ, తూములో అడ్డం పడిందేమిటే?"

నాగవల్లి మొగుడి వైపు చూసింది. అతను తలొంచుకున్నాడు.

"మీ పేరండీ, అత్తయ్యగారూ. తీసేశారు."

"మంచిది. ఇంకెక్కడా వెయ్యొద్దను."

వెయ్యలేదు. రాజకుమార్ ఫోన్లో చాలా కేకలేశాడు గానీ, గూడెం పెళ్లివాళ్లు చివరికి అడ్డాకు విస్తళ్లలోనే తిన్నారు. మంచినీళ్లకి వీధిలో ఇంటింటి నుంచీ పోగుచేసిన స్టీలు గ్లాసులు వెళ్లాయి, కడిగించుకుని తిరిగొచ్చాయి. దాంతో హరిప్రసాద్‌కి కొత్త వ్యాపారం దొరికింది. విస్తళ్లు అమ్ముతాడు, స్టీలు సామాను అద్దెకిస్తాడు. బేరం మునుపటంత లేదు. సరుకులకి సంచి తెచ్చుకోనివాళ్లకి నాగవల్లి పాత చీరలతో కుట్టిన సంచులిస్తుంది. వాటిమీద ఎవరి పేరూ ఉండదు.

కార్తీకంలో ఒక పొద్దున ప్రసాదరావుగారు అలవాటు ప్రకారం గుమ్మంలో నిలబడ్డారు.

"ఎంతుందమ్మాయ్?"

జవాబు నాగవల్లి దగ్గర్నుంచి రాలేదు. లోపలి గదిలో, ఎట్టకేలకి తుంటి అతికి, వాకర్ పట్టుకుని గోడ పక్కన నిటారుగా నిలబడ్డ శేషారత్నంగారు కిందికి చూసుకుని చెప్పింది.

"నా చీలమండ దాకా ఉంది, ప్రసాదరావూ. ఆ చేతిలో కవరేమిటి?"

ఆయన దాన్ని పేపరు వెనక్కి దాచుకున్నారు. కాలవ వైపు వెయ్యబోయిన అడుగు వెనక్కి తీసుకుని, ఇంట్లోకి తిరిగి వెళ్లారు. గోడమీద గీత, ఎక్కబోయి ఆగినట్టు, అక్కడే ఉంది.