నెల్డా వంతు

"మోకాళ్ల దగ్గర మరక పోలేదు," అంది కోరిన్, ప్యాంటుని కిటికీ వెలుతురుకి ఎత్తి చూస్తూ. తప్పుపట్టినట్టు కూడా అనలేదు, బయట వాన పడుతోందన్నట్టు అంది. నెల్డా మోచేతులదాకా తడిసిపోయి స్నానాల తొట్టి పక్కన కూర్చుని ఉంది. జార్జియా ఎర్రమట్టి ఒకసారి బట్టకి పట్టిందంటే దాన్ని వదిలించే సబ్బు ఇంకా పుట్టలేదు. వెర్నన్ కూడా ఇలాగే అనేవాడు, మిల్లుకి బయల్దేరుతూ చొక్కా కాలరు వేలితో గీకి చూసి. అప్పుడు వెర్నన్ ఒక్కడి చొక్కాలు. ఇప్పుడు కోరిన్ సాఫ్ట్‌బాల్ టీము మొత్తానివి.

ఆ మొగుణ్ణి వదిలేసి కోరిన్‌తో కాపురానికి వచ్చి ఏడేళ్లయింది. కోరిన్ మంచిది. గొంతు పెంచదు, చలికాలం రాత్రుళ్లు నెల్డా పాదాలు ఒళ్లో పెట్టుకుని వేడి చేస్తుంది. అందుకే నెల్డాకి తన మీద తనకే చిరాకు. వెర్నన్ ఇంట్లో ఈ చాకిరీ చేస్తున్నప్పుడు తిట్టుకోవడానికి ఒక మనిషైనా ఉండేవాడు. వాళ్లమ్మ సోఫాలో కాళ్లు చాపుకుని "మా కోడలు కూర్చుని తినడానికే పుట్టింది" అంటుంటే, అంట్లు తోముతూ మనసులో కసిదీరా తిట్టుకునేది. ఇక్కడ ఎవర్ని తిట్టుకోవాలి? మొగుడు లేడు, అత్త లేదు. అందరూ ఆడవాళ్లే, అందరూ ప్రేమగానే ఉంటారు. అయినా బట్టలు తనే ఉతుకుతోంది, మైదానంలో సున్నం గీతలు తనే గీస్తోంది, గుడ్లు తనే ఉడకబెడుతోంది. లోపం నాలోనే ఉందేమో, ఎక్కడికెళ్లినా నేను వెతుక్కునేది ఇంకో వంటిల్లేనేమో అనుకుంటే ఆ రాత్రి సరిగా నిద్ర కూడా పట్టలేదు.

మర్నాడు ఆదివారం. ఊరంతా చర్చిలో ఉండే వేళే వీళ్ల ఆట. మొదట్లో వీళ్లూ చర్చి లీగులోనే సాఫ్ట్‌బాల్ ఆడేవాళ్లు. కారులో ఇద్దరమ్మాయిలు ముద్దుపెట్టుకోవడం పాస్టరుగారి భార్య కంటపడింది. ఆ ఇద్దర్నీ వెళ్లగొడితే, వాళ్ల వెనకే ఒక టీముకి సరిపడా ఆడవాళ్లు లేచి వచ్చేశారు. పార్కు ఆఫీసువాళ్లు సాయంత్రాలు గ్రౌండు ఇవ్వం పొమ్మన్నారు. వీళ్లు ఎవరికీ అక్కర్లేని ఆదివారం పొద్దుటిపూట తీసుకున్నారు. ఆ వేళలో చూసేవాడుండడు, కారు ఆపి కూతలు కూసేవాడూ ఉండడు. ఇంటిపేర్లు ఎవరూ అడగరు. సగం మంది బడిపంతులమ్మలు, తెలిస్తే ఉద్యోగాలు పోతాయి. ఒకరిద్దరికి పిల్లలు ఎవరి దగ్గరుండాలన్న గొడవ కోర్టులో ఉంది. అలా మొదలైన లీగు ఇప్పుడు ఆరు టీములైంది. కోరిన్ వాళ్ల టీము పేరు కంచరగాడిదలు. హెట్టీ అనే ఆవిడ టీము పేరు పెళ్లికాని పిన్నమ్మలు. ఊరు వెనకాల అనే మాటనే దర్జాగా చొక్కాల మీద అచ్చేయించుకున్నారు.

ఆ ఆదివారం లీగు పదేళ్ల పండగ. అట్లాంటా కాలేజీ నుంచి టామ్సిన్ అనే అమ్మాయి లీగు చరిత్ర రికార్డు చేసుకుంటానని టేపు రికార్డరు పట్టుకుని వచ్చింది. అందరూ కోరిన్‌ని ముందుకి తోశారు. బంతి వేయడంలో ఆమెని మించినవాళ్లు లేరు, మాట్లాడటంలోనూ అంతే.

"మాకు ఒకటే రూలు," అంది కోరిన్. "ఈ గ్రౌండుకొచ్చిన ఏ ఆడదీ బ్యాటు పట్టుకోకుండా ఇంటికెళ్లకూడదు. ఆటొచ్చా రాదా, లావా సన్నమా, ఏమీ అడగం. చర్చి లీగులో చేతకానివాళ్లని బెంచీ మీద కూర్చోబెట్టి మర్చిపోయేవాళ్లు. మా దగ్గర మిగిలిపోయేవాళ్లే ఉండరు."

అందరూ చప్పట్లు కొట్టారు. నెల్డా కొట్టలేదు, చేతుల్లో గుడ్ల పళ్లెం ఉంది. టామ్సిన్ ఆమెవైపు తిరిగింది. "మీరు ఏ టీమండీ?"

"నెల్డానా?" కోరిన్ వచ్చి భుజం చుట్టూ చెయ్యేసింది. "ఈవిడ లేకపోతే మేం బట్టల్లేకుండా ఆడాలి! మా అందరికీ అమ్మ."

అందరూ నవ్వారు. అందులో ఒక్క చెడ్డ నవ్వు లేదు. నెల్డా కూడా నవ్వింది. ఇన్నేళ్లుగా ప్రతి ఆదివారం ఈ గ్రౌండుకి వస్తూనే ఉంది కదా. మరి తను ఆడది కాదా? కొత్తలో ఒకసారి ఆడతానని అడిగింది. "ఆ దుమ్ములో నీకెందుకే, హాయిగా నీడలో కూర్చో," అంది కోరిన్, బుగ్గ నిమిరి. కారు నేర్చుకుంటానంటే వెర్నన్ కూడా "నీకెందుకే, తీసుకెళ్లడానికి నేనున్నాగా," అన్నాడు. అతనూ ప్రేమగానే అన్నాడు. ఆ సంగతి ఇన్నాళ్లూ ఎందుకు గుర్తురాలేదో అని నెల్డాకి ఒళ్లు మండింది. పళ్లెం మీద ఎవరి చెయ్యో పడింది, గుడ్డు తీసుకుంది, థాంక్స్ చెప్పకుండానే వెళ్లిపోయింది.

ఆట మొదలవబోతుంటే పిన్నమ్మల కెప్టెన్ హెట్టీ నడుం మీద చేతులేసుకుని వచ్చింది. సిటీ బస్సు నడిపే మనిషి, గొంతు గ్రౌండంతా వినపడుతుంది. "ఒసేయ్, మా వాలీ రావట్లేదు. దాని పాత మొగుడి కారు పొద్దున్నుంచీ వాళ్ల వీధిలో తిరుగుతోందట. ఒక మనిషి తక్కువైంది. ఎవరైనా ఉన్నారా?"

అందరూ చుట్టూ చూశారు. ఆ చూపులన్నీ నెల్డా మీదుగానే, బల్ల మీదుగా పోయినట్టు పోయాయి. "ఎవరూ లేరే," అంది ఎవరో.

"నేనున్నాను," అంది నెల్డా.

కోరిన్ నవ్వేసింది. "ఊరుకో బంగారం. మరి భోజనాలో?"

"భోజనాలకి కాళ్లున్నాయా పారిపోవడానికి?"

హెట్టీ పగలబడి నవ్వింది. "రా పిల్లా! పెళ్లయి వదిలేసినదానివైనా పర్లేదు, పిన్నమ్మల్లో కలిపేసుకుంటాం."

హెట్టీ సంచీలోంచి తీసిచ్చిన వాలీ చొక్కా నెల్డాకి మోకాళ్లదాకా వచ్చింది. ఆమె వంతు వచ్చేసరికి అరచేతులు చెమట పట్టి బ్యాటు జారుతోంది. కోరిన్ ఎదురుగా నిలబడి మెత్తగా, చంటిపిల్లకి ముద్ద అందించినట్టు బంతి వేసింది. నెల్డా కదల్లేదు. బంతి పక్కనుంచి వెళ్లిపోయింది.

"కొట్టవేమే?"

"అలా వెయ్యకు. అందరికీ ఎలా వేస్తావో అలా వెయ్యి."

కోరిన్ మొహం ఎర్రబడింది. ఈసారి చెయ్యి నడుం కిందనుంచి గిర్రున తిరిగింది. నెల్డాకి బంతి కనపడలేదు, గాలి మాత్రం తగిలింది. మూడోది కూడా అంతే. బ్యాటు తిప్పిన ఊపుకి తనే బోర్లా పడి, మోకాలు మట్టిలో గీసుకుపోయింది. మూడు తప్పితే ఔటు.

"పర్లేదు నెల్డా!" అని రెండువైపుల నుంచీ అరిచారు. కోరిన్ సగం దూరం నడిచి వచ్చింది. "సరదా తీరిందిగా? ఇంక వెళ్లి అటు సంగతి చూడు. మిగతా టీములవాళ్లు ఆకలితో ఉన్నారు."

నెల్డా మోకాలు దులుపుకుంది. మండుతోంది. సిగ్గుగానూ ఉంది, ఎన్నడూ లేనంత సంతోషంగానూ ఉంది. "హెట్టీ అక్కా, మళ్లీ నా వంతు ఎప్పుడు?"

"అందరిదీ అవ్వాలిగా. కూర్చో, వస్తుంది."

కూర్చుంది, పిన్నమ్మల మధ్య, ఇద్దరు జరిగి చోటిస్తే. చెట్ల కింద బల్లల దగ్గర ఒకటే కేకలు, మూతలు తీసి పెట్టిన చప్పుళ్లు. ఏది ఎక్కడుందో ఒక్కళ్లకీ తెలీదు. కోరిన్ బంతి పట్టుకుని నిలబడిపోయింది.

"నెల్డా, పళ్లేలు ఎక్కడ పెట్టావని అడుగుతున్నారు."

కారు డిక్కీలో, దుప్పటి కింద. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కాళ్లు కూడా లేవబోయాయి. నెల్డా రెండు చేతులతో బెంచీ అంచు గట్టిగా పట్టుకుంది.

"వెతుక్కోమను," అంది. "నువ్వు బంతి వెయ్యి."