మూడు రోజులు మింగిన బిళ్ళ

నేను ఒక బిళ్ళ బ్యాటరీని. రూపాయి బిళ్ళంత ఉంటాను. కంప్యూటరు కట్టేసినా దాని గడియారం ఆగకుండా నడపడమే నా ఉద్యోగం. ఎక్కడో ఫ్యాక్టరీలో పుట్టి, అట్టకు అంటుకుని ఊళ్ళు తిరిగి, తునిలో ఒక చిన్న ప్రసూతి ఆసుపత్రికి చేరాను. ప్రసవాల గది గుమ్మం పక్కనున్న కంప్యూటరులో ఐదేళ్ళు కొలువు. దసరాకి దాని డబ్బాకు కుంకుమ బొట్టు పెడితే లోపల నేను మురిసిపోయేదాన్ని. ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గేస్తోంది.

ఒంట్లో సత్తువ తగ్గింది. రాత్రి కంప్యూటరు కట్టేస్తే తెల్లారేసరికి అరగంట వెనకబడిపోయేదాన్ని. మెకానిక్ ఖాసిం ఒకసారి వైరస్ అన్నాడు, ఇంకోసారి కరెంటు హెచ్చుతగ్గులన్నాడు. నన్నెవరూ అనుమానించలేదు, నేనూ కిక్కురుమనలేదు. నర్సు సువార్తమ్మ రోజూ డ్యూటీ ఎక్కగానే ఫోను చూసి టైము దిద్దేది.

ఆ మంగళవారం ఆమె వస్తూనే ప్రసవాల గదిలోకి పరిగెత్తింది. లోవకుమారికి ఆడపిల్ల పుట్టింది. సువార్తమ్మ బయటికొచ్చి, నా గడియారం చూసి తొమ్మిదీ ఐదు అని రాసింది. అసలు టైము తొమ్మిదీ నలభై.

రాసిన ఆ టైము చెబితే వాళ్ళ సిద్ధాంతిగారు ఫోనులోనే లెక్క కట్టేశారు. ఆ ఘడియలో పుడితే తండ్రికి గండమట, ఇంకో అరగంట దాటి ఉంటే ఏ దోషమూ లేదట. శాంతి చేయించి, నూనెలో నీడ చూసేదాకా తండ్రి బిడ్డ ముఖం చూడకూడదు. తండ్రి నూకరాజు లారీ డ్రైవరు. విశాఖ నుంచి పరుగున వచ్చినవాడు గుమ్మం బయటే గోడవైపు తిరిగి కూర్చున్నాడు. పిల్ల ఏడ్చినప్పుడల్లా లేచేవాడు, మళ్ళీ కూలబడేవాడు. లోపల నూకరాజు తల్లి "వత్తూనే నా కొడుక్కి గండం తెచ్చింది" అంటుంటే లోవకుమారి దుప్పటి ముఖం మీదికి లాక్కునేది. ఛీ, నాదీ ఒక బతుకేనా!

మూడో రోజూ గడియారం వెనకబడే ఉంటే ఖాసింను పిలిపించారు. ఈసారి డబ్బా విప్పి నన్ను గోటితో పీకాడు.

"బిళ్ళ అయిపోయిందండి సిస్టరుగారూ. రోజూ అరగంట తినేత్తంది."

సువార్తమ్మకి మంగళవారం తను రాసిన టైము గుర్తొచ్చింది. దాచితే ఎవరికీ తెలియదు. అయినా వెళ్ళి నూకరాజు తల్లికి చెప్పేసింది. "మంగళవారం టైము నేను దిద్దలేదమ్మా. తప్పు నాదే."

తప్పు నాదని చెప్పడానికి నాకు నోరేదీ?

"దోసం అన్నాక టైము మార్సేత్తారేటి?" అంది నూకరాజు తల్లి.

నూకరాజు ఫోను తీశాడు. "ఏడుపు ఇనపడగానే ఫోను సేసింది నువ్వే కదమ్మా? సూడు, తొమ్మిదీ నలభై ఒకటి."

సిద్ధాంతిగారిని మళ్ళీ అడుగుదాం ఆగరా అంటున్నా అతను ఆగలేదు. లోపలికెళ్ళి పిల్లను ఎత్తుకున్నాడు. "ఇంతున్నావు, నన్నేం సేత్తావే నువ్వు?" అన్నాడు. 

చెత్తబుట్టలోంచి విన్నాను. ఆ మాట మంగళవారమే అనాల్సిన మనిషి. అరగంటంటే ఖాసిం దిద్దేశాడు. ఈ మూడు రోజుల్నీ ఎవరు దిద్దుతారు?