నలభై అడుగులు

ఆ ఆదివారం ఇంట్లో ఉన్నవాళ్లు ఆరుగురు. నోటుపుస్తకాలు తయారుచేయించే నాన్న, వాటికి పిన్నులు కొట్టే అమ్మ, కూర్చున్న చోటి నుంచి కదలకుండా రోజంతా అట్టలకు లేబుళ్లు అంటించే నానమ్మ, కోత మిషను మీద పనిచేసే కత్తి మామ, ముందు రోజు సాయంత్రం బస్సు దిగి వచ్చిన అక్క. ఆరో మనిషి గుసగుస. ఇంట్లో ఎంతమందని ఎవరైనా అడిగితే ఆ పిల్లని ఆఖర్న లెక్కపెట్టేవాళ్లు, ఒక్కోసారి మర్చిపోయేవాళ్లు కూడా. పదహారేళ్లొచ్చినా గొంతు గుమ్మం దాటదని నానమ్మ పెట్టిన పేరది.

అక్క అంటే తోడబుట్టినది కాదు, పెద్దనాన్న కూతురు. పట్నంలో పాలిటెక్నిక్ చదివింది. పెన్సిలు చెవి వెనక పెట్టుకుని, అవసరమైనప్పుడు చూడకుండానే తీస్తుంది. ఆ పెన్సిలు చూసిన దగ్గర్నుంచీ గుసగుసకి కడుపులో మంటగా ఉంది.

వాళ్ల కార్ఖానా అంటే ఇంటి ముందు గదే. కాగితం మడవాలి, పిన్ను కొట్టాలి, కట్టలు కట్టి బరువు కింద ఒత్తాలి, మూడు పక్కలా కోయాలి, లెక్కపెట్టి పేర్చాలి. ఇన్ని పనులూ ఆ ఒక్క గదిలోనే. మడత పెట్టిన కాగితం అమ్మ దగ్గరికి చేరాలంటే నానమ్మ కాళ్ల మీంచి వెళ్లాలి.

"నా కాళ్ల మీద రోడ్డు వేశారర్రా," అని నానమ్మ రోజుకి పదిసార్లు అంటుంది. "వేస్తే వేశారు, ఆ చివర ఈ చివర ఒక గేటైనా పెట్టండి."

అందుకే నాన్న ఊరి చివర ఒక షెడ్డు మాట్లాడాడు. ఎక్కడ ఏ బల్ల వెయ్యాలి, ఏ మిషను ఎటు తిప్పాలి, రోజుకి ఎన్ని పుస్తకాలు తీయగలం అన్నది ఆ సాయంత్రంలోగా తేలాలి. స్కూళ్లకి పుస్తకాలు సరఫరా చేసే పెద్దాయన నాలుగింటికి వస్తానన్నాడు. ఆయనకి అంకె చెప్పాలి.

ఆ షెడ్డు గురించి గుసగుస ఆలోచించడం నాలుగు నెలల కిందటే మొదలుపెట్టింది. రాత్రి డైరీ రాసుకునే పుస్తకంలో, చివరి పేజీల్లో, మొన్న కొలిచి వచ్చాక నేల బొమ్మ కూడా గీసుకుంది. "కొత్త చోటికి వెళ్తే లెక్క బల్ల దగ్గర కూర్చునేది నువ్వేనే తల్లీ," అని నాన్న రెండేళ్లుగా అంటున్నాడు. ఎన్ని కట్టలు వచ్చాయో, ఎక్కడ పని ఆగిందో చూసి, ఎవరు ఏం చెయ్యాలో చెప్పే బల్ల అది. ఆ బల్ల దగ్గర మాత్రం గొంతు పైకి లేపక్కర్లేదు, వేలు చూపిస్తే చాలు. గుసగుసకి ఈ లోకంలో కావలసింది ఆ బల్ల ఒక్కటే.

పొద్దున్నే అమ్మ పిన్నుల బల్ల మీద అక్క తెల్ల కాగితం పరిచి, నాలుగు మూలలా నాలుగు పిన్నుల పెట్టెలు పెట్టింది.

"చెల్లీ, షెడ్డు నువ్వు కొలిచావంటగా. తాళం ఓనరు దగ్గరుంది, రేపు సోమవారం దాకా రాడంట. పొడవెంత?"

"నలభై అడుగులు."

"వెడల్పు?"

"ఇరవై నాలుగు."

అక్క చకచకా రాసుకుంది. స్కేలు పెట్టి గీత గీసింది. ఆ గీత సగానికి వచ్చేసరికి గుసగుసకి అసలు సంగతి తట్టింది.

ఆ ఇంట్లో టేపు పేరుకే ఉంది, కావలసినప్పుడు కనపడదు. గుసగుస పాదాలు మాత్రం ఎప్పుడూ అందుబాటులో ఉంటాయి. ఒక పాదం మడమ ఇంకో పాదం వేళ్లకి ఆనించి నడిచిందంటే వెంట్రుకవాసి తేడా రాదు. ఆమె పాదం సరిగ్గా తొమ్మిది అంగుళాలు. బీరువా కొన్నా, బల్ల చేయించినా ఆ పిల్లనే నడిపించి, వచ్చిన అంకెలోంచి నాన్న పావు వంతు తీసేసుకుంటాడు. ఇదంతా ఇంట్లో ఎంత అలవాటైపోయిందంటే, 'గుసగుస అడుగులు' అని విడిగా ఎవరూ అనరు. ఉట్టి అడుగులు అనే అంటారు. షెడ్డు కూడా అలా కొలిచిందే. నిజానికి దాని పొడవు ముప్పై అడుగులు, వెడల్పు పద్దెనిమిది.

'అవి నా అడుగులక్కా' అనడానికి గుసగుస నోరు తెరిచింది. సరిగ్గా అప్పుడే నాన్న వచ్చి అక్క భుజం మీదుగా వంగి చూశాడు.

"అబ్బ, ఎంత ముచ్చటగా గీశావమ్మా! ఇలాంటివి మనింట్లో ఎవరికొచ్చు? ఇక ఆ షెడ్డు నువ్వే చూసుకోవాలి. చదువుకున్నదానివి."

"చూద్దాంలే బాబాయ్," అంది అక్క నవ్వుతూ.

గుసగుస నోరు మూసుకుంది.

నాన్న కాగితం మీద వేలు పెట్టి చదివాడు. "నలభై, ఇరవై నాలుగు. ఆఁ, అవే." ఆయన చదివింది కూతురి పాదాలు. అక్క రాసింది స్కేలు అడుగులు. ఆ సంగతి ఆ గదిలో ఒక్కళ్లకే తెలుసు.

తర్వాత అక్క కత్తి మామ పక్కన నిలబడి ఫోన్లో టైము చూస్తూ అరగంట కోత కోయించింది. మామకి సరదాగా ఉంది.

"ఇన్నేళ్లలో నా పని చూడ్డానికి ఎవరూ నిలబడలేదమ్మాయ్. ముందే తెలిస్తే చొక్కా ఇస్త్రీ చేయించుకునేవాణ్ణి."

అక్క లెక్క వేసి పైకి చెప్పింది. "ఎంతమంది మడిచినా ఏం లాభం లేదు బాబాయ్. పుస్తకాలన్నీ ఈ కత్తి ముందుకొచ్చి ఆగుతున్నాయి. సరైన చోటుంటే ఈ మిషను రోజుకి నాలుగు వేలు కోస్తుంది. షెడ్డులో ఎదురెదురుగా రెండు మిషన్లు వేసి, మధ్యలో బండి తిరగడానికి నాలుగడుగుల దారి వదిలితే ఎనిమిది వేలు."

"అదీ మాటంటే!" అన్నాడు నాన్న.

పుస్తకాలన్నీ కత్తి ముందే ఆగుతున్నాయని గుసగుస మూడు నెలల కిందట ఇదే గదిలో చెప్పింది. అప్పుడు మిషను తిరుగుతోంది. ఎవరికీ వినపడలేదు. మళ్లీ చెప్పడానికి సిగ్గేసి డైరీలో రాసుకుంది. ఇప్పుడు అదే మాట అక్క నోట్లోంచి వస్తే అమ్మ పిన్నులు కొట్టడం ఆపి మరీ విన్నది.

కత్తి మామ ఒక్కడే తల గోక్కున్నాడు. "మొన్న అటు వెళ్తూ కిటికీలోంచి తొంగి చూశాను బావా. రెండు మిషన్లు పట్టేంత చోటులా అనిపించలేదు మరి."

"గుసగుస కొలిచిందిరా. అది కొలిచాక తిరుగేముంది?" అన్నాడు నాన్న. "అంతేగా తల్లీ?"

అందరూ ఆమె వైపు చూశారు. గుసగుస పాదాలు రెండూ పరికిణీ అంచు కిందికి లాక్కుని, అవునని తలూపింది.

మధ్యాహ్నం లోపలి గదిలో కూర్చుని, డైరీలో తను గీసిన షెడ్డు బొమ్మ ఉన్న కాగితం వెనక్కి తిప్పి నాలుగు ముక్కలు రాసింది. రాస్తుంటే లోపల ఎక్కడో తియ్యగా ఉంది. సోమవారం తాళం తీస్తారు. అక్క టేపు పట్టుకుంటుంది. వెడల్పులో ఆరడుగులు ఏమైపోయాయో వెతుక్కుంటుంది. బండి దారి ఉండదు, రెండో మిషనుకి చోటుండదు. చెవి వెనక పెన్సిలు దానంతటదే కింద పడుతుంది. ఆ పడే చప్పుడు కూడా గుసగుసకి ముందే వినిపించింది.

పెద్దాయన చెప్పిన టైముకే వచ్చాడు. నానమ్మ కాళ్లు జాగ్రత్తగా దాటి కుర్చీలో కూర్చున్నాడు.

"రోజుకి ఎనిమిది వేలండి," అన్నాడు నాన్న, ఛాతీ కాస్త ముందుకొచ్చింది.

"ఎనిమిది వేలా? కాగితం మీద చెబుతున్నారా, నేల మీదా?" పెద్దాయన కళ్లజోడు సవరించుకున్నాడు. "ఎందుకంటున్నానంటే, మీరు మాటిస్తే పని మొత్తం మీకే రాసేస్తా. ఇంకెవరి దగ్గరికీ వెళ్లను. తీరా స్కూళ్లు తెరిచేనాటికి పుస్తకాలు అందకపోతే పిల్లలు చేతులూపుకుంటూ కూర్చోవాలి. మళ్లీ జన్మలో మీ గుమ్మం ఎక్కను, ముందే చెబుతున్నా."

నాన్న నవ్వుతూ అక్క గీసిన కాగితం ఆయన ముందు పెట్టాడు. "మా అన్నయ్య కూతురు గీసిందండి."

"నాదేముందండీ, కొలతలన్నీ మా చెల్లివి," అంది అక్క. కాగితం అడుగున గుండ్రటి అక్షరాలతో రాసిన మాట చూపించింది. *కొలతలు: చెల్లి.* "షెడ్డులో నాకు తోడుగా ఇది కూడా ఉండాలని బాబాయ్‌ని అడుగుదామనుకుంటున్నా."

గుసగుసకి చెంప మీద కొట్టినట్టయింది. తన బల్ల, తనకి రెండేళ్లుగా ఇస్తానంటున్న బల్ల, ఇప్పుడు అక్క అడిగితే తనకో పక్కన చోటు దొరుకుతుంది! ఇవ్వడం కూడా అక్క చేతికే వెళ్లిపోయింది. అంతలోనే కాగితం మీద 'చెల్లి' అన్న మాట మళ్లీ కనపడింది. సోమవారం తప్పు బయటపడితే నాన్న మాట పోతుంది. ఆ తప్పు పక్కన ఉండేది ఈ మాటే.

పెద్దాయన పెన్ను మూత తీశాడు.

"అవి నా అడుగులు!"

ఆ గొంతు ఎవరిదో ముందు ఎవరికీ అర్థం కాలేదు. అమ్మ వీధిలోకి చూసింది.

"అంటే?" అన్నాడు పెద్దాయన.

"దాని పాదమండీ," అంది నానమ్మ లేబులు అంటిస్తూనే. "అడుక్కి ముప్పాతికే వస్తుంది. ఇది అరవగలదని నాకు ఇవాళే తెలిసింది."

నాన్న పెదవులు కదిలాయి. పావు తీసేస్తే ముప్పై. పావు తీసేస్తే పద్దెనిమిది. ఆయన అక్క గీసిన కాగితం వైపు, అందులోని రెండు మిషన్ల వైపు చూశాడు. మొహం పాలిపోయింది.

"నీకెప్పుడు తెలుసు?" అని అడిగింది అక్క, మెల్లిగా.

"పొద్దున."

"పొద్దున ఎప్పుడు?"

"నువ్వు మొదటి గీత గీస్తున్నప్పుడు."

పెద్దాయన పెన్ను మూత మళ్లీ పెట్టాడు కానీ లేవలేదు. "సరేలెండి, ముందే తేలింది, నయం. అసలు అంకె ఎంతో చూడండి. ఈ గ్లాసు టీ తాగేదాకా ఉంటా."

నాన్న కూతురి వైపు తిరిగాడు. తిట్టలేదు. "నీ డైరీలో షెడ్డు బొమ్మేదో గీసుకున్నావుగా. పట్రా."

అంటే నాన్నకి తెలుసు. ఎప్పుడో చూశాడు, ఒక్కనాడూ అడగలేదు. గుసగుస లోపలికి పరుగెత్తి పుస్తకం తెచ్చింది. సరైన పేజీ తీసి, రెండు చేతులతో పట్టుకుని అక్కకి అందించింది. ఒకటే కోత మిషను, గది మధ్యలో. దాని చుట్టూ గుర్రపు నాడాలాగా మడత బల్లలు, పిన్నుల బల్ల, ఒత్తే చోటు. నానమ్మకి కిటికీ పక్కన, దారికి అడ్డం లేకుండా ఒక మూల. కోత అయిన కట్టలు నేరుగా లెక్క బల్ల మీదికి. అంతా ఆమె పాదాల కొలతల్లోనే. కింద రాసి ఉంది: నాలుగు వేలు.

అక్క చాలాసేపు చూసింది. "ఇది పడుతుంది బాబాయ్," అంది చివరికి. "బాగుంది కూడా. పెద్దాయన చదివేలా స్కేలు మీద గీసిస్తా. పది నిమిషాలు."

నాన్న లోపలి గదిలోకి నడుస్తూ వెనక్కి తిరిగి పిలిచాడు. "రావే గుసగుసా, నువ్వూ రా. ఏది ఎక్కడో నువ్వే చెప్పాలి. నీ బల్ల ఎక్కడ వేశావో చూపిద్దువుగాని."

ఆ మాటకి గుసగుస కాళ్లు నేల మీద ఆనలేదు. అక్క వెనకాలే గుమ్మం దాకా వెళ్లింది. అక్కడ భయం పట్టుకుంది.

"అక్కా, ఆ ఒక్క పేజీయే చూడు. వెనక్కి తిప్పకు."

అనకుండా ఉంటే అక్క తిప్పేది కాదేమో. అక్క గడప లోపల ఆగి, కాగితం తిప్పింది. మధ్యాహ్నం రాసిన నాలుగు ముక్కలు చదివింది. *అక్క తప్పు గీసింది. నేను చెప్పను. సోమవారం తాళం తీసినప్పుడు దాని మొహం చూడాలి.*

లోపల్నుంచి నాన్న, "ఏదీ, పిల్ల రాలేదేం?" అంటున్నాడు.

అక్క చెవి వెనక నుంచి పెన్సిలు తీసి ఆ పేజీల మధ్య పెట్టి పుస్తకం మూసింది. గడప ఇవతల ఉన్న గుసగుస పాదాల వంక ఒకసారి, కొలుస్తున్నట్టుగా చూసింది. తలుపు వేసేసింది.